ముక్క పరీక్ష: సీసా మొదలు గాజుపలక వరకు

మీ ఇంట ఎవరికైనా గడ్డ తీసి, "దీన్ని ముక్క పరీక్షకు పంపాలి" అని డాక్టరుగారు చెప్పిన దినము మీలో అనేకులకు జ్ఞాపకముండే ఉంటుంది. ఆ మాట వినగానే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. రిపోర్టు ఎప్పుడొస్తుందా అని ఎదురు చూడడమే గాని, ఆ ముక్క ఎక్కడికి పోతుంది, దాన్ని ఎవరు ఏమి చేస్తారు, మనము దాన్ని ఎలా చేర్చాలి అని అడిగేవారు తక్కువ. మేమూ అడగలేదు. అడగనందువల్ల ఏమి జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసము.

2014వ సంవత్సరము మే నెల. మేము ఈ సంఘానికి కాపరిగా వచ్చి రెండేళ్ళయినది. నాట్లకూ కలుపుకూ వెళ్ళి బ్రతికే ఒక సహోదరికి ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ ఉన్నది. నొప్పి లేదు గనుక ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. చివరకు అమ్మగారికి, అంటే మా ఇంటివారికి చెప్పింది. దగ్గరి పట్టణములో ఒక చిన్న నర్సింగ్ హోములో శనివారము మధ్యాహ్నము గడ్డ తీసివేశారు. సాయంత్రము అక్కడివారు ఒక ప్లాస్టిక్ డబ్బాలో సెలైను పోసి, అందులో గడ్డ వేసి, "జిల్లా కేంద్రములో ల్యాబుకు ఇవ్వండి" అని ఆమె భర్త చేతిలో పెట్టారు. ఆయనకు చదువు రాదు. కుమారుడు హైదరాబాదులో తాపీపనికి పోయాడు. "అయ్యగారూ, మీరైతే అన్నీ అడిగి ఇచ్చి వస్తారు" అని ఆ డబ్బా మాకిచ్చాడు.

మరునాడు ఆదివారము, ఆరాధన విడిచిపెట్టి వెళ్ళలేము. సోమవారము ఒక వృద్ధుని భూస్థాపన. ఎండలు చూస్తే రోహిణి కార్తెవి. మాంసము చెడిపోతుందే అని మాకు తోచి, పక్కింటి మాస్టారుగారి ఫ్రిజ్జులో ఐసు గడ్డకట్టే అరలో ఆ డబ్బాను గుడ్డలో చుట్టి పెట్టించాము. అందులో ఏమున్నదో ఆ యింటివారికి చెప్పలేదు. ఈనాటికీ చెప్పలేదు, ఈ పత్రిక వారికీ వస్తుంది గనుక ఇప్పుడు తెలియవచ్చును.

మంగళవారము ఉదయము మొదటి బస్సుకు వెళ్ళి ల్యాబులో ఇచ్చాము. అక్కడి టెక్నీషియను యౌవనస్థుడు. డబ్బా చేతిలోకి తీసుకోగానే అతని ముఖము మారింది.

"ఐసులో ఎవరు పెట్టారు ఫాదర్?"

మేము ఫాదరు కామని సరిదిద్దే ధైర్యము కూడ మాకు ఆ క్షణమందు లేకపోయింది. మేమే అని చెప్పాము. "ఫార్మలిన్ పోయలేదా?" అన్నాడు. ఆ పేరు అప్పుడే విన్నాము.

అయిదు దినములకు రిపోర్టు వచ్చింది. కణములు చెడిపోయినవి, అనుమానించదగిన లక్షణములు కనబడుచున్నవి గాని నిశ్చయముగా చెప్పలేము అని దాని సారాంశము. గడ్డ అంతా తీసివేశారు, మళ్ళీ తీయడానికి అక్కడ గడ్డ లేదు. ఆ కాగితము పట్టుకొని ఆమె యింటికి నడిచిన ఫర్లాంగు దూరము మాకు బాగా జ్ఞాపకము.

ఆ టెక్నీషియనే మమ్మును లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఒక గంటసేపు ఆ గదిలో జరిగే పని అంతా చూపించాడు. తరువాత మేము మరి రెండుసార్లు వెళ్ళి తెలుసుకొన్నాము, కొంత చదివాము.

శరీరములోనుండి ముక్కను కోసిన క్షణమునుండే అది చెడిపోవడం మొదలవుతుంది. రక్తము అందదు గనుక కణములు తమలో ఉన్న రసములచేతనే తాము కరిగిపోతాయి. కోసిన కూరగాయ వాడిపోయినట్లు కాదు, లోపలినుండే ఇల్లు కూలినట్లు. దీన్ని ఆపడానికి వేసేదే ఫార్మలిన్. నూటికి పది పాళ్ళ ఫార్మలిన్ అంటారు, అందులో అసలు ఫార్మాల్డిహైడు నూటికి నాలుగు పాళ్ళకు మించదు. అది కణములోని మాంసకృత్తులను ఒకదానికొకటి ముడివేసి, ఉన్నది ఉన్నట్టు నిలబెడుతుంది. జర్మనీ దేశములో ఫ్రాంక్‌ఫర్టు పట్టణపు వైద్యుడు ఫెర్డినాండ్ బ్లూమ్ 1893లో దీన్ని క్రిములను చంపే మందుగా పరీక్షిస్తూ, తన వేళ్ళ చర్మము గట్టిపడడం గమనించాడు. వేళ్ళను గట్టిపరచేది ముక్కలను కూడ గట్టిపరచదా అని అతనికి తోచింది. ఆ తోచినదే నేటికీ లోకమంతటా నడుస్తున్నది.

ఫార్మలిన్ ముక్కలోనికి మెల్లగా, ఇంచుమించు గంటకు ఒక మిల్లీమీటరు చొప్పున ఇంకుతుంది. నిమ్మకాయంత గడ్డను అలాగే వేసి ఊరుకుంటే పైన గట్టిపడి, నడుమ కుళ్ళుతుంది. అందుకే పెద్ద గడ్డను ల్యాబుకు చేరగానే కోసి తెరుస్తారు. ముక్కకు పది రెట్లు మందు ఉండాలి. కొందరు డబ్బు మిగిలించుకొనుటకు తడిసేటంత మాత్రమే పోస్తారు, అది పోయనట్లే. సెలైను సంగతి మాకు అప్పుడు తెలియదు, అది ముక్కను తడిగా ఉంచుతుందే గాని నిలువ ఉంచదు. మామూలు నీరైతే మరీ కీడు, కణములు నీరు త్రాగి ఉబ్బి పగిలిపోతాయి. ఇక ఐసు అర. కణములోని నీరు మెల్లగా గడ్డకట్టి సూదులవలె మారి గోడలను చీల్చివేస్తుంది. మాంసాన్ని వండుకొని తినేవానికి అది లెక్కలోనిది కాదు, మైక్రోస్కోపులో చూసేవానికి మాత్రము చినిగిపోయిన ఉత్తరము చదివినట్లే.

పెద్ద ఆసుపత్రులలో ఆపరేషను జరుగుచుండగానే ముక్కను అతిశీఘ్రముగా గడ్డకట్టించి, పలుచగా కోసి, నిమిషాలలో చూసి చెప్పే పద్ధతి కూడ ఉన్నది. అది వేరు. అక్కడ క్షణాలలో గడ్డకడుతుంది గనుక ఐసు సూదులు పెద్దవి కావు. ఇంటి ఫ్రిజ్జుకు ఆ పని చేతకాదు.

ఫార్మలిన్ విషయములో మరియొక మాట. దాని ఆవిరి కళ్ళను మండిస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సరు పరిశోధన విభాగము 2004లో దాన్ని మనుష్యులకు క్యాన్సరు కలిగించే పదార్థాలలో చేర్చింది. కాబట్టి మూత బిగించి తీసుకొనిపోవాలి, పిల్లలకు అందకుండ ఉంచాలి, మంచినీళ్ళ సీసాలో ఎన్నడూ పోయకూడదు. దినమంతా దానిమధ్య పనిచేసే ఆ పిల్లవాని కళ్ళు ఎర్రగానే ఉన్నవి. గాలి బయటికి తోసే ఫ్యాను ఒకటి ఉన్నది గాని అది తిరగడం మేము చూడలేదు.

సీసా మూతి సంగతి అతడు నవ్వుతూ చెప్పాడు. మెత్తని ముక్కను ఇరుకు మూతి సీసాలోనికి ఎవరో దూర్చి పంపారట. ఫార్మలిన్‌లో అది గట్టిపడి కూర్చున్నది. బయటికి రాదు. సీసా పగులగొట్టవలసి వచ్చింది. అందుకే వెడల్పు మూతి డబ్బా.

దానికంటే పెద్ద సంగతి పేరు. మన పల్లెలలో ఒక్క సంఘములోనే మరియమ్మలు నలుగురైదుగురు ఉంటారు, రత్నమ్మలు అంతే. కాబట్టి ల్యాబువారికి పేరు ఒక్కటే చాలదు. వయస్సు, భర్త పేరో తండ్రి పేరో, ఆసుపత్రి నంబరు, ఏ అవయవము, కుడియా ఎడమయా, ఇవన్నీ చీటీమీదా డబ్బామీదా ఉండాలి. డబ్బామీద అంటే మూతమీద కాదు, ఒంటిమీద. మూతలు తీసి పెట్టేటప్పుడు ఒకదాని మూత ఒకదానికి పోవడం ఎంతసేపు? ల్యాబులో అడుగుపెట్టగానే ముక్కకు ఒక నంబరు ఇస్తారు. అక్కడినుండి ఆ నంబరే ఆ మనిషి. ఆ నంబరును గాజుపలకమీద పెన్సిలుతో వ్రాయడం చూసి మేము ఆశ్చర్యపడ్డాము. ఇంత పెద్ద సంగతికి పెన్సిలా అనుకొన్నాము. పెన్ను సిరా సారాయిలోనూ జైలీనులోనూ కొట్టుకొనిపోతుందట, పెన్సిలు గీత పోదట.

తరువాత పని వంటయింటి పనిలాగే తోచింది మాకు. ముక్కను వెంట్రుకకన్న పలుచగా కోయాలంటే దానికి గట్టి ఆధారము కావాలి, ఆ ఆధారము మైనము. అయితే ముక్కలో నీరుంటే మైనము లోపలికి పోదు. ఆవకాయకు మామిడిముక్క తడి లేకుండ ఎందుకు తుడుస్తామో మన ఆడవారందరు ఎరుగుదురు. ఇక్కడ తుడవడానికి గుడ్డ పనికిరాదు గనుక సారాయిలో ముంచుతారు. మొదట నూటికి డెబ్బది పాళ్ళది, తరువాత ఇంకా ఘాటైనది, చివరకు నీరు బొత్తిగా లేనిది. నీరంతా పోయి సారాయి నిండుతుంది. సారాయికీ మైనానికీ పొసగదు, కాబట్టి రెండింటికీ స్నేహమైన జైలీనులో వేస్తారు. ఆ మీదట అరవై డిగ్రీల లోపు వేడిలో కరిగిన మైనములో. ఈ వరుస అంతా ఒక యంత్రము రాత్రంతా చేస్తుంది. "నిన్న ఇచ్చాము, ఇవాళ ఎందుకు చెప్పరు" అని ల్యాబువారిమీద కోప్పడే మనవారు ఈ రాత్రిని తలంచుకోవాలి. ఉదయము ముక్కను అచ్చులో నిలిపి మైనము పోసి చల్లారబెడితే చిన్న దిమ్మ అవుతుంది. దానినే బ్లాకు అంటారు.

ఆ బ్లాకును మైక్రోటోము అనే కోత యంత్రానికి బిగించి చక్రము త్రిప్పితే మూడు నాలుగు మైక్రానుల పొరలు రిబ్బను వలె వస్తాయి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తల వెంట్రుక మందాన్ని పదిహేను ఇరవై భాగాలు చేస్తే అందులో ఒక భాగము. ఊపిరి విడిచినా ఎగిరిపోతుంది. ఆ కుర్రవాడు ఊపిరి బిగబట్టి, కుంచెతో ఆ రిబ్బనును ఎత్తి గోరువెచ్చని నీళ్ళమీద పరచాడు. ముడతలన్నీ వాటంతటవే విప్పుకొన్నాయి. అడుగునుండి గాజుపలకను ఎత్తి దానిమీదికి తీసుకొన్నాడు. ఒకరిది అయిన వెంటనే నీళ్ళపై కాగితము జరిపి తుడిచాడు. అది ఎందుకని అడిగితే, ముందువాని ముక్క తునక ఒకటి తేలుచుండి తరువాతవాని పలకకు అంటుకొంటే, లేని క్యాన్సరు ఉన్నట్టు కనబడవచ్చునన్నాడు. ఒక చిన్న కాగితపు ముక్కతో తుడవడంలో ఒక కుటుంబము యొక్క నిద్ర ఉన్నదని మాకు అప్పుడు అర్థమయినది.

ఇక రంగు. పలకమీది పొరకు దానంతట దానికి రంగు లేదు, ఉల్లిపొరవలె ఉంటుంది. దానికి రెండు రంగులు వేస్తారు. మొదటిది హిమటాక్సిలిన్. మెక్సికో దేశపు కంపీచీ ప్రాంతములో పెరిగే ఒక చెట్టు చేవ నుండి తీస్తారు. దాని పేరుకు గ్రీకు భాషలో రక్తపు కర్ర అని అర్థము. ఒకప్పుడు ఐరోపావారు గుడ్డలకు నల్లరంగు వేయడానికి ఓడలకొద్ది ఈ దుంగలను తీసుకొనిపోయేవారు, దానికై స్పెయిను వారికీ ఇంగ్లీషు వారికీ కొట్లాటలు కూడ జరిగినవి. ఈ రంగు ఒంటరిగా ముక్కను పట్టదు. 1865లో బోమర్ అనే జర్మను శాస్త్రవేత్త దీనికి పటిక కలిపాడు, అప్పుడు పట్టింది.

పటిక అనగానే మాకు పెడన జ్ఞాపకము వచ్చింది. అక్కడ కలంకారీ అద్దకపువారు కరక్కాయ నీటిలో నానిన గుడ్డమీద పటిక ద్రావణముతో అచ్చు వేసి, ఆ మీదట ఎర్రరంగు కాగులో ఉడికిస్తారు. పటిక పడినచోటనే ఎరుపు నిలుస్తుంది, తక్కిన గుడ్డనుండి ఉతికితే పోతుంది. మన తాతలు గుడ్డమీద చేసినదే జర్మనీలో కణముమీద చేశారు. పటిక చేయి పట్టుకొంటేనే ఆ రంగు కణము నడిమి గింజను, అనగా కేంద్రకమును పట్టుకొంటుంది. ఆ చెట్టు రసము కూడ వెంటనే పనికిరాదు. గాలికీ వెలుతురుకూ వారాల తరబడి మాగాలి. తొందరగలవారు మందు వేసి మాగబెడతారు, మామిడికాయలను మాగబెట్టినట్టే.

మాకు మిక్కిలి ముచ్చట కలిగించినది ఆ తరువాతి మెట్టు. హిమటాక్సిలిన్‌లో ముంచి తీసినప్పుడు పలక ఎర్రని వంగపండు ఛాయలో ఉన్నది. ఎక్కువైన రంగును కొద్దిపాటి ఆసిడు కలిపిన సారాయిలో ఒక్క క్షణము ముంచి తీసి, కొళాయి నీళ్ళక్రింద పెట్టాడు. మా కళ్ళముందే నీలమైపోయింది! నీళ్ళలోని కొద్దిపాటి క్షారము వల్ల అలా మారుతుందట. మన బోరు నీళ్ళు పప్పు ఉడకనియ్యవని తిట్టుకొంటాము గదా, ఇక్కడ అలాంటి నీళ్ళే మేలు. కొన్ని ఊళ్ళలో నీళ్ళు చాలక క్షారము కలిపిన నీళ్ళు తయారు చేసుకొంటారు.

రెండవ రంగు ఈయోసిన్. జర్మనీలో హైన్రిఖ్ కారో అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1870 దశకములో కనిపెట్టినది. గ్రీకువారి అరుణోదయపు పేరు దానికి పెట్టారు. ఎర్రసిరాలలో వాడినదీ ఇదే. ఇది కేంద్రకము చుట్టూ ఉన్న భాగాన్ని గులాబిరంగు చేస్తుంది. 1876 నుండి ఈ రెండు రంగుల జత వాడుకలో ఉన్నది. నూరేళ్ళు దాటి యేబది ఏళ్ళు కావస్తున్నా, లోకములో ఏ మూల ముక్క పరీక్ష చేసినా మొదట వేసేది ఈ నీలము, ఈ గులాబియే.

నీలిగింజలు చిన్నవై, ఒకే తీరున, వరుసగా ఉంటే నెమ్మది. అవి పెద్దవై, ముదురు నీలమై, ఒకదానికొకటి పోలిక లేక, హద్దు దాటి పక్క చోటికి చొరబడుచుంటే అది క్యాన్సరు. డాక్టరుగారు మాకు ఒక మంచి పలకను చూపించి, తరువాత మేము ఐసులో పెట్టి తెచ్చిన పలకను చూపించారు. మొదటిదానిలో ప్రతి గింజా తేటగా ఉన్నది. రెండవదానిలో నడుమ అంతా ఖాళీలు, చిరుగులు, మసక. ఆమె ఏమీ అనలేదు. అనవలసినది కూడ లేదు.

ఈ రెండు రంగులు చాలని చోట వేరే రంగులున్నవి. క్షయ క్రిమిని కోఖ్ దొర 1882లో లోకానికి చూపించిన వెంటనే, జీల్ అనునతడు ఆ సంవత్సరమే, నీల్సన్ అనునతడు మరుసటి సంవత్సరము ఎర్రరంగు పద్ధతిని చక్కబరిచారు. ఆసిడుతో కడిగినా ఆ క్రిమి ఎర్రగానే నిలుస్తుంది. కుష్ఠు క్రిమి దాని చుట్టమే గాని అంత మొండిది కాదు, ముక్కలోని మైనమును కరిగించే జైలీనుకే రంగు పట్టే శక్తిని పోగొట్టుకొంటుంది. అందుచేత జైలీనులో వేరుశనగ నూనె కలుపుతారు! రాయలసీమ రైతు సోదరులారా, మీ పల్లీనూనె ఆ క్రిమికి కాపుగాస్తుందని మీకు తెలుసునా? స్కాట్లండు వైద్యురాలు ఇసబెల్ కెర్ అమ్మగారు 1915లో నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలుపెట్టిన నాటికి ఈ నూనె ఉపాయము ఇంకా రాలేదు.

క్షయ విషయములో ఇంకొక జాగ్రత్త. మెడలో బిళ్ళలు కట్టి, క్షయ అని అనుమానమున్నప్పుడు, క్రిమిని పెంచి చూసే పరీక్షకు ఇచ్చే ముక్కను ఫార్మలిన్‌లో వేయకూడదు, క్రిమి చచ్చిపోతుంది. దానిని శుభ్రమైన సెలైనులో వేసి ఆ దినమే చేర్చాలి. రంగు పరీక్షకు ఇంకొక ముక్క ఫార్మలిన్‌లో. రెండు డబ్బాలు. తీయకముందే డాక్టరును అడగండి, తీసిన తరువాత అడిగి లాభము లేదు.

మా సహోదరి సంగతికి వద్దాము. పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ఆమె చంకలో కూడ బిళ్ళ కట్టి ఉన్నది. దాన్ని తీసి, థియేటరులోనే వెడల్పు డబ్బాలో ఫార్మలిన్ పోసి, వేసిన గంట కూడ చీటీమీద వ్రాశారు. రొమ్ము క్యాన్సరులో ఆ గంట ముఖ్యము. తీసిన గంటలోపల ఫార్మలిన్‌లో పడాలి, ఆరు గంటలకు తగ్గక, డెబ్బది రెండు గంటలకు మించక అందులో ఉండాలి. అప్పుడే హార్మోను మాత్రలు పనిచేస్తాయా లేదా అని చెప్పే పరీక్ష నమ్మదగినదిగా ఉంటుంది. రిపోర్టు నిశ్చయముగా వచ్చింది. క్యాన్సరే, చంకకు ప్రాకింది. హార్మోను మాత్రలకు లొంగే రకము. మొదటి ఆపరేషనుకూ చికిత్స మొదలుకూ నడుమ ఆరు వారాలు పోయినవి. ఆ ఆరు వారాలలో మూడు దినములు మాస్టారుగారి ఫ్రిజ్జులోనివి. తక్కినవి ఆ మూడు దినములవల్ల వచ్చినవి.

కొన్నిచోట్ల "మంచి గడ్డేలే, పరీక్ష ఎందుకు, డబ్బు దండుగ" అని తీసిన గడ్డను పారవేయడం మేము విన్నాము. చేతితో తడిమి మంచిదో చెడ్డదో చెప్పగలవారు ఎవరూ లేరు. శరీరములోనుండి తీసిన గడ్డ ఏదైనా పరీక్షకు పోవలసినదే అని మీరు గట్టిగా అడగండి. గడ్డ మీది, అడిగే హక్కు మీది.

మరొక సంగతి. పరీక్ష అయిపోయినా బ్లాకు పారవేయరు, ఏండ్ల తరబడి దాచిపెడతారు. వేరొక ఆసుపత్రిలో చూపించాలంటే బ్లాకునూ పలకలనూ వ్రాసి ఇచ్చి అడిగి తీసుకోవచ్చును. మన సహోదరికి మందు ఇచ్చే ఆసుపత్రివారు బ్లాకు తెమ్మన్నారు. అప్పటికి వానలు ఆలస్యమై ఎండలు తగ్గలేదు. బ్లాకు మైనముగదా, బస్సు ముందు అద్దము దగ్గర ఎండలో పెడితే మెత్తబడుతుంది. ఈసారి మేము తీసుకొనిపోతామని అనలేదు. ఆమె కూడ అడగలేదు. టిఫిను గిన్నెలో తడిగుడ్డ పరచి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన బ్లాకును దానిమీద పెట్టి, మూత బిగించి, తన ఒడిలో పెట్టుకొని నాలుగు గంటలు ప్రయాణము చేసింది. కిటికీ ప్రక్క సీటు ఇస్తే, ఎండ పడుతుందని వద్దన్నది.

ఆమె నేటికీ మన మధ్య ఉన్నది. మొన్న పంటల పండుగనాడు తన పెరటి నిమ్మకాయలు ఒక సంచి తెచ్చి మా యింట పెట్టింది. "అయ్యగారూ, వీటిని ఫ్రిజ్జులో పెట్టుకోవచ్చు" అన్నది.